ముందు ఆకు తిప్పి చూడండి

మొక్క ఫొటో పంపి "దీనికి ఏ మందు కొట్టాలి?" అని అడిగేవాళ్లకి నేను మొదట చెప్పేది ఒకటే: ఆకు వెనక్కి తిప్పి ఇంకో ఫొటో తియ్యండి. పైనుంచి తీసిన ఫొటోలో పసుపు మచ్చ తప్ప ఏమీ కనిపించదు. పసుపు మచ్చకి నీళ్లు ఎక్కువవడం దగ్గర్నుంచి ఎర్రనల్లి దాకా సవాలక్ష కారణాలు. పురుగేదో తెలియకుండా మందు చెప్పమంటే, రోగిని చూడకుండా చీటీ రాయమన్నట్టే.

నేను హార్టికల్చర్ చదవలేదు. చేసేది ఆడిటర్ ఆఫీసులో లెక్కల పని. నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్. హాల్లో, బెడ్‌రూముల్లో, బాల్కనీలో కలిపి లెక్కపెట్టడం మానేసినన్ని కుండీలు. మొక్కల మీద ఏది వాలినా కూర్చుని చూడటం నా బలహీనత. సికింద్రాబాద్ జనరల్ బజార్లో కంసాలులు కంటికి ఆనించి వాడే చిన్న భూతద్దం ఒకటి కొన్నాను, పది రెట్లు చూపిస్తుంది. ఇంట్లో ఉన్న మందు సీసాలన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది అదే.

ఇంట్లో మొక్కకి పురుగు పడితే చూస్తుండగానే ముదిరిపోతుంది. బయట చెట్టుకి వాన పడుతుంది, గాలి కొడుతుంది. అక్షింతల పురుగులు, సాలీళ్లు, కంటికి ఆనని కందిరీగలు వచ్చి సగం పని చేసిపెడతాయి. 2008లో కోయంబత్తూరు వైపు బొప్పాయి పిండినల్లి బయటపడి దక్షిణాది తోటలన్నీ పాడుచేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. 2010లో ప్యూర్టో రికో నుంచి ఎసిరోఫేగస్ పపాయే అనే బుల్లి కందిరీగని తెప్పించి వదిలాక గానీ అదుపులోకి రాలేదు. మరి మన హాల్లో, సోఫా పక్కన ఉన్న అరెకా పామ్‌కి అలాంటి దిక్కెవరు? పురుగుకి అక్కడ తిండి ఉంది, నీడ ఉంది, పట్టి తినేవాడు లేడు. అందుకే నా పద్ధతంతా ఒక్క మాటలో చెప్పాలంటే, వాన చేసే పని మనం చెయ్యాలి. ఆదివారం పొద్దున్న మోయగలిగిన కుండీలన్నీ బాత్రూములోకి వెళ్తాయి. మట్టి మీద పాలిథిన్ కవరు చుట్టి, మొక్కని ఏటవాలుగా పట్టుకుని, హ్యాండ్ షవర్‌తో ఆకుల అడుగు భాగం కడుగుతాను. మా ఆయన దీన్ని తలంటు కార్యక్రమం అంటారు. అననివ్వండి. దుమ్ము పోతుంది, పురుగుల్లో సగం పోతాయి, మిగతా సగం ఎక్కడున్నాయో కనిపిస్తాయి.

కడిగితే లొంగనిది పిండినల్లి. ఫ్లాట్లలో నేను ఎక్కువగా చూసేదీ ఇదే. ఆకు కాడ కాండానికి అతుక్కునే ఇరుకులో తెల్లగా, దూది పింజలా ఉంటుంది. చాలామంది బూజు అనుకుని తుడిచేస్తారు. భూతద్దం పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది: కోలగా, గీతలు గీతలుగా ఉన్న ఒళ్లు, చుట్టూ మైనపు పోగుల అంచు, కొన్ని రకాలకైతే వెనక రెండు పొడుగాటి తోకలు. కాసేపు కదలకుండా చూస్తే కాళ్లు మెల్లగా కదుపుతుంది. ఆ తెల్ల పొడి మైనం. నీళ్లు పోస్తే జారిపోతాయి, లోపలికి వెళ్లవు. అందుకే ఎంత కడిగినా మర్నాటికి అక్కడే ఉంటుంది.

దీనికి మెడికల్ షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లలు చాలు. పుల్ల ముంచి పురుగు మీద ఆనించి పట్టుకోవాలి, రుద్దక్కర్లేదు. తెల్లదనం క్షణంలో కరిగి, కింద బూడిద రంగో గులాబీ రంగో ఒళ్లు బయటపడుతుంది. అప్పుడు తుడిచేయాలి. మా హోయా తీగకి ఒక సాయంత్రమంతా ఇలా గడిపాను, టీవీలో మ్యాచ్ నడుస్తుంటే. నాకైతే ప్రశాంతంగానే ఉంటుంది ఆ పని. మొత్తం మొక్క మీద స్ప్రే చేసే ముందు ఒక ఆకు మీద పూసి రెండ్రోజులు చూడండి, ఫెర్న్‌లాంటి పల్చటి ఆకులు మాడతాయి. పొయ్యి దగ్గరా, దేవుడి దీపం దగ్గరా ఈ పని పెట్టుకోకండి, గబుక్కున అంటుకుంటుంది. కోవిడ్ రోజుల్లో మిగిలిపోయిన జిగురు శానిటైజర్ ఉంది కదా అని అది పూసేవాళ్లున్నారు. అందులో గ్లిజరిన్, సెంటూ కలిసి ఉంటాయి, వద్దు.

ఒక్కసారి తుడిస్తే పోదు, ఇక్కడే అందరూ నీరసపడిపోతారు. ఆడ పిండినల్లి దూదిలాంటి సంచిలో వందల గుడ్లు పెడుతుంది. అందులోంచి వచ్చే పిల్లలు మొదట్లో ఒంటి మీద మైనం లేకుండా, లేత పసుపు రంగులో, దుమ్ము కణమంత ఉండి మొక్కంతా తిరుగుతాయి. మనం తుడిచిన రోజున అవి ఇంకా గుడ్డులోనే ఉండొచ్చు. కాబట్టి వారానికోసారి, కనీసం నాలుగు వారాలు చూస్తూ ఉండాలి. ఆ లేత పిల్లలకి సబ్బు నీళ్లు చాలు: లీటరు నీళ్లకి ఓ టీ స్పూను మైల్డ్ లిక్విడ్ సోప్. బట్టల సర్ఫ్ వద్దు. గంట రెండు గంటలయ్యాక మంచినీళ్లతో కడిగేయాలి. సబ్బు తడి తగిలినంత సేపే పనిచేస్తుంది, ఆరిపోయాక దానికి విలువ లేదు. అందుకని ఆకు అడుగున, కాడల ఇరుకుల్లో కారేట్టు కొట్టాలి.

పైన ఎంత తుడిచినా మళ్లీ మళ్లీ వస్తుంటే కుండీలోంచి మొక్కని ఎత్తి చూడండి. వేళ్ల మీద, కుండీ లోపలి గోడల మీద తెల్లపొడి కనిపిస్తే వేరుకి పట్టే రకం పిండినల్లి. జేడ్, కాక్టస్ జాతుల్లో ఎక్కువ. మట్టంతా దులిపి, వేళ్లు కడిగి, కొత్త మట్టిలో నాటడమే దానికి మార్గం.

చీమల గురించి ఇక్కడే చెప్పాలి. కుండీకి చీమలు బారు కట్టాయంటే మా అత్తయ్య చీమలమందు డబ్బా అందుకుంటారు. చీమలు మొక్కని తినడం లేదత్తయ్యా అని ఎన్నిసార్లు చెప్పానో. పిండినల్లి, పేనుబంక, పొలుసు పురుగు మొక్క రసం పీల్చి, మిగిలిన తీపి నీళ్లని వదిలేస్తాయి. తేనెబంక అంటారు దాన్ని. చీమలు వచ్చేది దానికోసం. పైగా ఆ పురుగుల్ని తినడానికి వచ్చిన అక్షింతల పురుగుల్ని తరిమి కొడతాయి కూడా. కాబట్టి చీమల బారు కనిపిస్తే అది ఎక్కడ ఆగుతోందో చూడండి, పురుగు అక్కడే ఉంటుంది. కుండీ కింద ప్లేటులో నీళ్లు పోస్తే చీమలు ఎక్కవంటారు, నిజమే. కానీ ఆ నీళ్లలో డెంగ్యూ దోమ గుడ్లు పెడుతుంది. పోస్తే వారం తిరక్కుండా పారబోసి, ప్లేటు రుద్ది కడగాలి.

తేనెబంక వల్లే ఇంకో పురుగు దొరికిపోతుంది. మొక్క కింద టైల్స్ మీద కాలు పెడితే జిగటగా అంటుకుంటుంటే తల పైకెత్తి రబ్బరు మొక్క ఆకు ఈనె వెంబడి, కాండం మీద చూడండి. గోధుమ రంగు బొడిపెలు కనిపిస్తాయి. మొక్క ఒంటి మీదే పుట్టినవనుకుంటాం. గోరుతో గీకితే ఊడి వస్తే అవి పొలుసు పురుగులు. ఆడది ఒకసారి కుదురుకుందంటే దాదాపు బతుకంతా అక్కడే, ఆ డొప్ప కిందే. చార్మినార్ దగ్గర లాడ్ బజార్లో లక్క గాజులు బేరం చేస్తాం కదా, ఆ లక్కని ఇచ్చే పురుగు వీటికి చుట్టమే! లక్క పురుగు చుట్టాలు నా రబ్బరు మొక్క మీద కాపురం పెట్టాయని తెలిశాక వాటి మీద కొంచెం గౌరవం కలిగింది. కొంచెమే. పాత టూత్‌బ్రష్‌కి సబ్బు నీళ్లు అద్ది రుద్దేశాను.

ఎర్రనల్లి కథ వేరు. ఇది పురుగు జాతి కూడా కాదు, ఎనిమిది కాళ్లు, సాలీడు వైపు బంధువు. మన హైదరాబాద్‌లో మార్చి నుంచి మే దాకా దీని రాజ్యం. బయట ఎండ, లోపల ఏసీ, గాలిలో తడి ఉండదు. అరెకా పామ్ ఆకులు సన్నటి ఇసుక చల్లినట్టు తెల్లచుక్కలు పడి, రంగు వెలిసిపోతాయి. "ఎండ దెబ్బ" అని నీళ్లు ఎక్కువ పోస్తారు. తెల్ల కాగితం ఒకటి ఆకు కింద పట్టుకుని రెండు తట్లు తట్టండి. దుమ్ము రాలుతుంది. ఆ దుమ్ములో కొన్ని చుక్కలు నడుస్తుంటే ఎర్రనల్లి. ఆకుల మధ్య సాలెగూడు కనిపించే దశకి వచ్చిందంటే చాలా రోజుల నుంచి ఉన్నట్టు.

దీని విషయంలో ఎరువుల షాపులో "పురుగు మందు" అని ఇచ్చేది తెచ్చి కొడితే పని జరక్కపోగా ఎదురు తిరుగుతుంది. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి పేనుబంకకి పనిచేస్తాయేమో గానీ నల్లిని చంపవు. నల్లిని తినే మంచి పురుగులు ఏవైనా ఉంటే వాటిని చంపుతాయి. పైగా ఆ మందు పడ్డాక నల్లి ఇంకా ఎక్కువ గుడ్లు పెట్టడం కూడా గమనించారు. మంచి ఎండల్లో ఎర్రనల్లి గుడ్డు నుంచి గుడ్లు పెట్టే దశకి రావడానికి వారం చాలు. అందుకని దీనికి మాత్రం ఆదివారం దాకా ఆగను, మూడు నాలుగు రోజులకోసారి షవర్ కింద పెడతాను. నీటి ధార గట్టిగా, ఆకు అడుగున. ఏసీ గాలి సూటిగా తగిలే చోటు నుంచి కుండీ జరపాలి. ఇంతకు మించి నేనేం చెయ్యలేదు, మా పామ్‌లు బానే ఉన్నాయి.

తామర పురుగులంటే మాత్రం నాకు కాస్త టెన్షన్. మాది సత్తెనపల్లి వైపు. 2021లో మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడిన ఏడు బాబాయి వాళ్ల చేను నేను చూశాను. పువ్వు విప్పి అరచేతిలో దులిపితే నల్లగా పాకేవి. పూత నిలవలేదు. మందు మార్చి మందు కొట్టారు, అప్పు పెరిగింది గానీ పురుగు తగ్గలేదు. మొన్న బాల్కనీలో నేను వేసుకున్న రెండు మిరప మొక్కల ఆకులు పైకి ముడుచుకున్నాయని ఫోన్ చేస్తే ఆయన నవ్వి, "రెండు మొక్కలే కదమ్మాయ్, పీకి సంచిలో మూట కట్టి పారెయ్. మా ఎకరాలంటే పీకలేక ఏడ్చాం" అన్నారు.

ఇళ్లలో పీస్ లిల్లీ, ఆంథూరియం మీద చూస్తాను వీటిని. ఆకు మీద వెండి పూత పూసినట్టు చారలు, ఆ చారల్లో సూది మొనంత నల్లచుక్కలు. ఆ చుక్కలు వాటి రెట్ట. చారా, చుక్కా రెండూ ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు. వీటిలో చాలా రకాలు పెరిగే క్రమంలో కొన్ని రోజులు మట్టిలో దాక్కుంటాయి, ఆకులు కడిగినంత మాత్రాన పోవు. పూలు ముందు కత్తిరించేయాలి, పుప్పొడి వాటికి విందు. నీలం రంగు జిగురు అట్ట ఒకటి కుండీలో గుచ్చితే రెక్కలొచ్చినవి అంటుకుంటాయి. తెల్లదోమకీ మిగతా ఎగిరేవాటికీ పసుపు అట్ట. జిగురు అట్టలతో పురుగు మొత్తం పోతుందని ఆశ పెట్టుకోకండి, పెరుగుతోందో తగ్గుతోందో తెలుసుకోవడానికి బాగుంటాయి.

పేనుబంక ఇంట్లో అరుదు, బాల్కనీ చామంతి చిగుళ్ల మీద చలికాలంలో వస్తుంది. మగదాంతో పని లేకుండా ఆడవే పిల్లల్ని కంటూ పోతాయి కాబట్టి గుంపు త్వరగా పెరుగుతుంది. చిగురు వేళ్ల మధ్య పెట్టి నలిపేయడం, కడిగేయడం. అంతే.

ఇక వానాకాలం రాగానే వచ్చే ఫోన్లన్నీ ఒకటే: "టీవీ ముందు చిన్న నల్ల ఈగలు తిరుగుతున్నాయి, టీ కప్పులో పడుతున్నాయి." నర్సరీవాళ్లు ఫంగస్ నాట్స్ అంటారు. కుట్టవు. ఎగిరేవాటి వల్ల మొక్కకి నష్టం లేదు. తడి మట్టి పైపొరలో ఉండే వాటి పిల్లలు, నల్ల తల ఉన్న తెల్లటి సన్న పురుగులు, బూజునీ లేత వేళ్లనీ తింటాయి. అనుమానం తీరాలంటే బంగాళాదుంప చెక్క ఒకటి మట్టి మీద బోర్లించి రెండ్రోజులు ఉంచి తిప్పి చూడండి, ఉంటే దాని అడుగున కనిపిస్తాయి.

నేను మొదట అడిగేది, కుండీలో ఏం పోస్తున్నారు అని. బియ్యం కడుగు, తాగేసిన టీ పొడి, పాల గిన్నె కడిగిన నీళ్లు: ఈ మూడింట్లో ఒకటైనా ఉంటుంది జవాబులో. మేడ మీద ఎండలో ఉన్న గులాబీకి పోస్తే పోయండి. నాలుగు గోడల మధ్య, ఎండ తగలని కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) పోస్తే అవన్నీ బూజుకి భోజనం, ఆ బూజు ఈ ఈగ పిల్లలకి భోజనం. యూట్యూబ్‌లో చూసి ఉల్లిపొట్టు నానబెట్టిన నీళ్లు పోసేవాళ్లకీ ఇదే మాట. ఆపండి. పై అంగుళం మట్టి పొడిగా ఆరేదాకా నీళ్లు పోయకండి. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్ ఇంకా ఎక్కువ ఆరినా పట్టించుకోవు. పీస్ లిల్లీ వాలిపోతుంది కాబట్టి దానికి కింద ప్లేటులో నీళ్లు పోసి, అరగంటలో పీల్చుకోగా మిగిలింది పారబోస్తాను. పైన మట్టి పొడిగా ఉంటుంది, వేళ్లకి తడి అందుతుంది. మరీ మొండికేస్తే బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ అనే బ్యాక్టీరియా పొడి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, బీటీఐ అంటారు. దోమ పిల్లల్ని చంపడానికి వాడేదే. నీళ్లలో కలిపి మట్టిలో పోయాలి. అది పిల్లల్నే చంపుతుంది, ఎగిరేవాటికి పసుపు అట్ట పెట్టుకోండి.

వేప నూనె గురించి అడుగుతారని తెలుసు. 1959లో సూడాన్‌లో మిడతల దండు చుట్టూ ఉన్న పచ్చదనమంతా మేసేసి వేపచెట్లని మాత్రం వదిలేయడం హైన్రిక్ ష్ముట్టెరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించాడట, అక్కణ్ణుంచి వేప మీద పరిశోధనలు ఊపందుకున్నాయి. ధాన్యం గాదెల్లో వేపాకు వేసిన మన ముసలమ్మలని ఎవరైనా అడిగి ఉంటే ఇంకా ముందే చెప్పేవాళ్లు, అది వేరే సంగతి. అందులో ఉండే అజాడిరక్టిన్ పురుగు ఆకలిని చంపుతుంది, పాత తోలు విడిచి ఎదగనివ్వదు. కొట్టిన మర్నాడే చచ్చి రాలాలని చూస్తే నిరాశే. ఎండ తగిలితే కొద్ది రోజుల్లోనే దాని బలం తగ్గిపోతుంది కాబట్టి సాయంత్రాలు కొట్టాలి, వారానికోసారి.

నేను అజాడిరక్టిన్ 1500 పీపీఎం (పది లక్షల పాళ్లలో 1500) అని రాసున్న వేప మందు సీసా వాడతాను, లీటరుకి 5 మిల్లీలీటర్లు. గానుగలో తెచ్చిన పచ్చి వేప నూనె అయితే సబ్బు కలపందే నీళ్లలో కలవదు, పైన తేలి ఆకుని మాడుస్తుంది. కలిపింది ఆ రోజే వాడేయాలి. వాసన మాత్రం భరించాలి. మా పిల్లాడు ముక్కు మూసుకుని గది మారిపోతాడు. బాత్రూములోనో బాల్కనీలోనో కొట్టి, ఆరాక లోపలికి తేవడం మంచిది. నోట్లో వేసుకునే తులసి మీద, తమలపాకు తీగ మీద నేను నీళ్లు తప్ప ఏమీ కొట్టను.

రసాయన మందులు ఫ్లాట్‌లో వద్దనే నా అభిప్రాయం, ఇందులో నేను కాస్త మొండిదాన్నే. మందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది: ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. అది చూసి కొనాలంటే ముందు డబ్బా ఉండాలి కదా. ఆ మధ్య ఒక షాపులో "మీకు కొంచెమే కావాలిగా మేడం" అంటూ పెద్ద సీసాలోంచి తాగే నీళ్ల బాటిల్లోకి ఒంపి ఇవ్వబోయాడు. పేరు లేదు, త్రికోణం లేదు, పిల్లలున్న ఇంట్లో ఫ్రిజ్ పక్కన నీళ్ల సీసా! వద్దని వచ్చేశాను.

కొత్త మొక్క విషయంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. మన నర్సరీలకి చాలా మొక్కలు కడియం నుంచి లారీల్లో వస్తాయి, వందల కుండీలు ఒకదానికొకటి ఆనించి. అక్కడ ఎంత బాగా పెంచినా దారిలో, ఇక్కడి నర్సరీలో ఏది ఏదాన్ని అంటుకుందో తెలీదు. కొనేముందు ఆకు కాడల ఇరుకులు, కుండీ కింది చిల్లులు చూస్తాను. నర్సరీ అబ్బాయి విసుక్కుంటాడు. ఇంటికొచ్చాక రెండు వారాలు యుటిలిటీలో వాషింగ్ మెషిన్ పక్కన ఒంటరిగా ఉంచుతాను. పొలుసు పురుగులూ, పిండినల్లులూ ఈ రెండు వారాల్లోనే బయటపడేవి ఎక్కువ.

మొక్క సగానికి పైగా పోయాక దాన్ని బతికించాలని చూడకండి, పక్క కుండీలకి పాకిస్తుంది. మనీ ప్లాంట్, సింగోనియం లాంటివైతే శుభ్రంగా ఉన్న కొస రెండు మూడు కణుపులు తుంచి, సబ్బు నీళ్లలో కడిగి, సీసాలో నీళ్లు పోసి పెట్టుకోండి, వేళ్లొస్తాయి. మిగతాది కవర్లో మూతి బిగించి చెత్తబండిలో వెయ్యాలి, కంపోస్టు డబ్బాలో కాదు. కుండీని సబ్బుతో రుద్ది ఎండలో పెట్టండి. మట్టిని తడిపి, మేడ మీద పల్చగా పరిచి, పారదర్శకంగా ఉండే పాలిథిన్ షీటు కప్పి అంచుల మీద ఇటుకలు పెడితే, మే నెల ఎండకి కొన్ని వారాల్లో మళ్లీ వాడుకోవచ్చు. వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే చెత్తనుకుని ఊడ్చేస్తాడు.